కాటయ్య కొట్టంలో హార్మోను

ఆ పొద్దున నవనీత వేసుకున్న పథకం చాలా చిన్నది. మామ కాటయ్య పాలు పిండటం మొదలుపెట్టకముందే కొట్టంలోకి వెళ్లి, దాణా బస్తాల వెనక దాచిన జెల్ ట్యూబు తీసి జబ్బకు రాసుకుని, శుభ్రంగా చేతులు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు ఇంట్లోకి వచ్చేయాలి. కొన్ని వారాలుగా అలాగే సాగుతోంది కూడా.

ఇంట్లో చోటు లేక కాదు. ఇంట్లో అత్త రేణుకమ్మ ఉంది. ట్యూబులో వచ్చేది ఏదైనా సరే, మోకాళ్లకు రాసి చూస్తేనే ఆమెకు మనశ్శాంతి. టూత్‌పేస్టు కూడా ఆ పరీక్షకు నిలబడి వచ్చిందే. ఆ మోకాళ్లతో ఆమె కొట్టం గడప మాత్రం ఎక్కలేదు.

నవనీతకు నలభై ఏడేళ్లు. ఏడాదిగా ఉన్నట్టుండి ఒంట్లోంచి సెగలు, రాత్రిళ్లు జాకెట్టు తడిసిపోయే చెమట, పట్టని నిద్ర, లెక్క తప్పిన నెలసరి. అత్త వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగించింది, దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పేసింది. ఆ ఘాటుకు ఇల్లంతా దగ్గింది గానీ సెగ తగ్గలేదు. చివరికి సూర్యాపేట డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, ముట్లు ఆగిపోయే ముందు కొందరికి ఇలాగే ఉంటుందని చెప్పి, రాసుకోవడానికి హార్మోను జెల్, రాత్రి వేసుకోవడానికి మాత్రలు ఇచ్చింది. నవనీతకు నిద్ర తిరిగొచ్చింది. పాపం, ఆ నిద్ర విలువ ఆమెకే తెలుసు. భర్త మధుసూదన్‌కు విషయం చెప్పి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది.

ఆ పొద్దున గేటు దగ్గర ఎవరో పిలిచారని పరుగెత్తడంలో అట్టపెట్టె దాణా బస్తా మీదే ఉండిపోయింది. పాలకోసం వచ్చిన తిరుపతమ్మ దాన్ని చూసింది. చూసి ఊరుకునే మనిషి అయితే ఈ కథే లేదు. పెట్టెను పట్టుకెళ్లి, క్యానుతో నిలబడ్డ టిఫిన్ సెంటర్ కిషన్‌కు చూపించింది.

"హార్మోన్ అని రాసుంది వదినా," అన్నాడు కిషన్.

కాటయ్య పాలకు కోదాడలో ఉన్న పేరంతా ఒక్క మాట మీద నిలబడింది. బర్రె చేపకపోతే, అంటే పొదుగులోకి పాలు దించకపోతే, దూడను వదిలి చూస్తాడు, అప్పటికీ చేపకపోతే ఆ పూట పాలు లేవంటాడు. అంతేగానీ హార్మోను సూది వెయ్యడు.

సరిగ్గా అప్పుడే మధుసూదన్ పళ్లు తోముకుంటూ బయటికొచ్చాడు. అతను మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో లారీల లోడింగు చూస్తాడు. అబద్ధం ఆడే అలవాటు లేనివాడు. అందుకే ఆడక తప్పనప్పుడు ఏది ఎంచుకోవాలో తెలియలేదు.

"గీ మందు ఎవలది మధూ?" అని నిలదీసింది తిరుపతమ్మ.

ఒట్టు గుర్తొచ్చి మధుసూదన్ బ్రష్షు ఆపాడు. "అది... బర్రెది."

"సూది లేదంటిరి, ఇగ ట్యూబులు మొదలువెట్టిన్రా!"

గోటితో పోయేదానికి గొడ్డలి దాకా రావడం అంటే ఇదే. తిరుపతమ్మ గొంతుకు వీధి వీధంతా గిన్నెలతో వచ్చేసింది. నిన్నటి పాలు ఇవాళ చేదుగా ఉన్నాయని ఒకామె అంది. కిషన్ తన పొట్ట తడుముకుని, "నేను ఇడ్లీలు తిని పెరిగిందనుకుంటున్న, గిందుకా!" అని వాపోయాడు.

నిండు బకెట్‌తో కొట్టంలోంచి వచ్చిన కాటయ్య అంతా విన్నాడు. పాలన్నీ కాల్వలో పారబోశాడు. తర్వాత లోపలికి వెళ్లి, తన బర్రె లచ్చిని విప్పి పలుపు పట్టుకుని బయటికొచ్చాడు.

"దీన్ని సంతకు తోల్కపోత. మందు వెట్టిన బర్రె పాలు పిండి అమ్మే బతుకు నాకొద్దు," అని కొడుకు వైపు తిరిగాడు. "నువ్వు సుత నా కండ్ల ముంగట ఉండకు."

"నాయినా, జర ఆగు..." అంటూ మధుసూదన్ నోట్లో నురగతో భార్య వైపు చూశాడు.

లచ్చి తల్లి చచ్చిపోతే సీసాతో పాలుపట్టి పెంచింది నవనీతే. నోరు విప్పితే తన నెలసరి సంగతి వీధికంతా తెలుస్తుంది. విప్పకపోతే లచ్చి పోతుంది, మామ పరువు పోతుంది. ఆమెకు ఏడుపొచ్చింది. వెంటనే ఒళ్లుమండింది. ఈసారి మండింది హార్మోను లేక కాదు, కోపంతో.

"మామా, పలుపు ఇడువు. గా మందు నాది!"

వీధిలోని గిన్నెలన్నీ ఆమె వైపు తిరిగాయి.

"ముట్లు ఆగే టైమొచ్చింది నాకు. ఏడాది సంది కంటి మీద కునుకు లేదు. సెమటలకు సచ్చిపోయిన. డాక్టరమ్మ ఇచ్చింది, రాసుకుంటున్న, నిద్రవోతున్న. గింతే. ఇందుల బర్రె చేసిన తప్పేంది?"

కిషన్‌కు ఉన్నట్టుండి తన క్యాను మూత చాలా ఆసక్తికరంగా కనిపించింది. కాటయ్య చేతిలో పలుపు జారింది.

"మరి కొట్టంల ఎందుకు దాసినవ్ బిడ్డా?" అన్నాడు మెల్లగా.

"అత్తమ్మ మోకాళ్లకు రాస్తదని."

అరుగు మీది రేణుకమ్మ కాదనలేదు. కోడలిని దగ్గరికి పిలిచి చెయ్యి పట్టుకుంది. "నాకు గప్పుడు గిట్లనే అయిందే. రాత్రిళ్లు బాయికాడికి వోయి నెత్తిన నీళ్లు కుమ్మరించుకుంటుంటి. ఎవలకు చెప్పాల్నో తెల్వక మింగి ఊకున్న. నాకన్న చెప్పకపోతివి!"

నవనీతకు ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.

తిరుపతమ్మ పెట్టెను తిరిగి ఆమె చేతిలో పెట్టింది. వెళ్లిపోతుందనుకుంటే, చెవి దగ్గరికొచ్చింది. "నవనీతా, నాకు సుత రాత్రిళ్లు సెగలే. గీ ట్యూబు ఒకటి..."

"అట్ల కాదు వదినా. అందరికి ఒక్కటే మందు పడదంట. ఆమె పరీక్షలు చేసినంకనే ఇస్తది. రేపు తోల్కపోత, రా."

ఈ మాట చెవిలో చెప్పినా, వీధిలో ఆడవాళ్లందరికీ వినిపించింది.

మర్నాడు కాటయ్య సూది లేని పాలు బిందెనిండా పిండి, తలెత్తుకుని గేటు దగ్గర కూర్చున్నాడు. గిన్నె పట్టుకుని ఒక్క మనిషీ రాలేదు. వచ్చేవాళ్లంతా నవనీత వెంట సూర్యాపేట మొదటి బస్సెక్కారు, మోకాళ్ల సంగతి కూడా అడుగుదామని రేణుకమ్మతో సహా.

మిగిలిన పాలకు తోడు ఎంత వేయాలో కాటయ్య సూర్యాపేటలో ఉన్న రేణుకమ్మకు ఫోన్ చేసి తెలుసుకున్నాడు.