ఎనిమిది వందల సీసీకి ఎగబడిన పార్టీలు

ఆదివారం పొద్దున పళ్ళు తోముకుంటూనే అలియాబాద్ సత్తయ్య ఆనాటి పని నిర్ణయించుకున్నాడు. తొమ్మిదింటికి కారు చూడటానికి నాగారం నుంచి మనిషి వస్తాడు. వచ్చినవాడికి ఒక్క అబద్ధం కూడా చెప్పకూడదు. ఆ ఇంజను గురించి ఉన్నదున్నట్టు చెబితే చాలు, వాడు చెప్పులు గేటు దగ్గరే వదిలేసి పారిపోతాడు.

కారు అమ్మాలన్నది సత్తయ్య మాట కాదు, భార్య దుర్గాబాయి పట్టుదల. పోయిన నెల మేడ్చల్‌లో పెళ్ళికి పోతుంటే నడిరోడ్డు మీద అది ఆగిపోయింది. దుర్గాబాయి పట్టుచీర కొంగు నడుముకు చెక్కి వెనకనుంచి నెట్టింది. అదే పెళ్ళికి పోతున్న చుట్టాల వ్యాను పక్కనే పోతూ వీడియో తీసింది. జీలకర్ర బెల్లం పెట్టకముందే ఆ వీడియో మండపమంతా తిరిగింది. ఆ రోజు పెళ్ళికూతురికంటే దుర్గాబాయినే ఎక్కువ మంది చూశారు. "గా డబ్బ ఇంట్ల ఉంటె నేనుండ," అని ఆమె తేల్చి చెప్పేసింది. కోడలు స్రవంతి కారు ఫోటో ఫోనులో అమ్మకానికి పెట్టింది. గంట తిరక్కుండా నాగారం నుంచి జనార్ధన్ ఫోను చేశాడు.

సత్తయ్యకు చెయ్యి విరిచినట్టయింది. ఆయన యాభై అయిదో ఏట డ్రైవింగు నేర్చినవాడు. అంతకుముందు బతుకంతా ఒకరి బండి వెనకాల కూర్చున్నదే. వాళ్ళు బయల్దేరినప్పుడే బయల్దేరాలి, వాళ్ళు దింపిన చోటే దిగాలి. ఎనిమిదేళ్ళ కిందట ఈ పాత కారు కొన్నాక తన ఇష్టమొచ్చినప్పుడు బయల్దేరాడు, ఇష్టమొచ్చిన చోట ఆగాడు. ఆగిన చోట్లు చాలావరకు కారు ఇష్టమే అనుకోండి, అయినా స్టీరింగు ముందు కూర్చున్నది తనే కదా. ఇది పోతే ఇక కొడుకు కారులో వెనక సీటే, ఒళ్ళో మందుల సంచీ.

ఆ ఇంజను సంగతి కూడా చెప్పుకోవాలి. ఎనిమిది వందల సీసీ, మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు, కార్బ్యురేటర్ కాలం నాటి సరుకు. కొత్తలో ముప్ఫై ఏడు గుర్రాల బలమని దాని పుస్తకంలో రాసి ఉంది. ఈ పాతికేళ్ళలో వాటిలో సగం గుర్రాలు ముసలివై రిటైరయ్యాయి. మిగిలినవి కూడా నలుగురు ఎక్కితే మోకాళ్ళ మీద కూర్చుంటాయి. ఒక ఎండాకాలం తూంకుంట దగ్గర రేడియేటరులో నీళ్ళు సలసలా మసిలితే, ఆ ఆవిరి మీద ఇడ్లీలు వండి ఇద్దరికి పెట్టానని సత్తయ్య చెప్పేవాడు. విన్నవాళ్ళెవరూ నమ్మలేదు, కానీ చట్నీ ఎక్కడిదని అడగకుండా వదిలినవాడూ లేడు.

తొమ్మిదింటికి జనార్ధన్ దిగాడు. తెల్ల చొక్కా, రెండు ఫోన్లు. ప్లాట్ల బేరాలు కుదర్చడం ఆయన పని. భార్య డ్రైవింగు నేర్చుకోవడానికి ఏదో ఒక పాత కారు దొరికితే చాలనుకుని వచ్చాడు.

"దండం కాకా. బండి మంచిగున్నదా?"

"ఏం మంచి బిడ్డా! ఇంజన్ల ఏం లేదు."

జనార్ధన్ చెవులు నిక్కాయి. ఇరవై ఏళ్ళ అనుభవంలో ఆయన నేర్చిన సూత్రం ఒకటుంది. భూమి గలాయన "మా జాగ బంగారం" అంటే వదిలించుకోవాలని చూస్తున్నాడు. "నీళ్ళు పడవు, దారి లేదు, మీకెందుకు" అంటే వెనక కొనే పెద్ద పార్టీ ఉంది, బ్రోకర్లను తోలేయాలని చూస్తున్నాడు.

"ఏం లేదంటె, ఎట్ల కాకా?"

"పొద్దుగాల సల్లగున్నప్పుడు చోక్ గుంజకుంటె లేవదు. ఒక్కసారి యేడెక్కి ఆగిందనుకో, అర్ధగంట దాంక బతిమిలాడినా లేవదు. నిలవడి ఉన్నప్పుడు వణుకుతది, ఇంజన్ కింద రబ్బర్లు అరిగినయి. లోపట కూసున్నోని పండ్లు టకటక కొట్టుకుంటయి."

"ఇంకా?"

"హెడ్ గ్యాస్కెట్ రెండు సార్లు పోయింది. నీళ్ళు తాగుతది, ఆయిల్ తాగుతది, పెట్రోల్ తాగుతది. మా ఖాన్‌దాన్‌ల గింత తాగెటోడు పుట్టలే."

జనార్ధన్ వెనక్కి జరిగి, నీళ్ళ ట్యాంకు చాటున నిలబడి, దేవరయాంజాల్‌లో ఉన్న తన భాగస్వామి చక్రపాణికి ఫోను చేశాడు. "అన్నా, జల్దీ రా. ముసలాయన సొంత బండిని మస్తు తిడుతాండు. లోపల ఏదో మాల్ ఉన్నది."

ఆ ఫోను చూసి సత్తయ్య మురిసిపోయాడు. పోవడానికి ఆటో పిలుస్తున్నాడనుకున్నాడు. పోయేవాడికి ఆఖరి దెబ్బ కూడా తగిలిస్తే తిరిగి రాడని, "రా బిడ్డా, కండ్లార సూసి పో," అంటూ కారెక్కి, చోక్ ముట్టకుండా తాళం తిప్పాడు.

ఎనిమిదేళ్ళలో ఒక్కనాడూ మొదటి పిలుపుకు పలకని ఇంజను, తాళం సగం తిరగ్గానే లేచి కూర్చుంది. వణుకు లేదు, దగ్గు లేదు, పొగ లేదు. బానెట్ మీద చాయ్ గ్లాసు పెడితే మీగడ కూడా కదిలేది కాదు. కన్నకొడుకు కోర్టులో ఎదుటివాళ్ళ తరఫున సాక్ష్యం చెబితే చూసినట్టు సత్తయ్య దానివంక చూశాడు.

"ఏంది కాకా, వణుకుతదంటివి?"

"గిది దొంగ యేశం! రోజు గిట్లుండదు!"

చక్రపాణి వచ్చాడు. దారిలో పెట్రోల్ బంకు దగ్గర ఒక్కరికే, అదీ రహస్యంగా చెప్పాడట. అందుకని వెనక ఆరు బళ్ళే వచ్చాయి. పదిన్నరకు సత్తయ్య గేటు ముందు కొత్త ప్లాట్ల వెంచరు ప్రారంభించినంత సందడి. వచ్చినవాళ్ళలో కొందరు కారు చూడకుండానే గోడ పొడవు అడుగులతో కొలుస్తున్నారు, అలవాటు కొద్దీ.

ఇక లాభం లేదని సత్తయ్య షామీర్‌పేట నుంచి మెకానిక్ లక్ష్మణ్‌ను పిలిపించాడు. ఎనిమిదేళ్ళుగా ఆ ఇంజనును విప్పి బిగించేది అతనే. "నిజం జెప్పు లచ్చన్నా, నీకు దండం పెడ్త."

లక్ష్మణ్ నిజాయితీపరుడు. "టాపెట్ కవర్ కాడ ఆయిల్ కారుతది. టైమింగ్ బెల్ట్ ఇయ్యాలనో రేపో తెగుతది. నేనైతె తుక్కు కింద గూడ తీస్కోను," అన్నాడు.

చక్రపాణి జనార్ధన్ చెవిలో, "మెకానిక్‌ను గూడ సెట్ జేసిండు. పార్టీ శాన పెద్దది," అన్నాడు. ఆ మాట గాలికి పోయి అందరి చెవులా పడింది. లక్ష్మణ్ ఒకసారి జనాన్ని చూశాడు, ఒకసారి కారును చూశాడు. ఎనిమిదేళ్ళలో తనకేమైనా కనిపించకుండా పోయిందా అని మొదటిసారి అనుమానం తగిలింది. సత్తయ్యను పక్కకు లాగి, "అన్నా, ఎట్లైనా ఇచ్చేదుంటె నాకే ఇయ్యరాదు?" అన్నాడు.

సత్తయ్య అరుగు మీద కూలబడ్డాడు. చుట్టూ చేతులు. "టోకెన్ పైసలు పట్టు కాకా!" "నాది వట్టు!" "నేను ముందుగాల వచ్చిన!" పెనుగులాటలో ఆయన కండువా ఎవరి భుజం మీదకో పోయింది.

"అయ్యల్లారా!" అని ఆయన గట్టిగా అన్నాడు. "దాంట్ల మాల్ లేదు, మన్ను లేదు. నాకే అమ్మ బుద్ధిగాదు. జిందగీల మొదటిసారి నన్ను ముందు సీట్ల కూసోవెట్టింది గదే. గది పోతె నేను మల్ల ఒకని ఎనక సంచి లెక్క కూసోవాలె. గంతే, ఇంకేం లేదు."

లేచిన చేతులు దిగాయి. జనార్ధన్ కళ్ళు కూడా కొంచెం చెమ్మగిల్లాయి. అప్పుడు చక్రపాణి తల ఊపుతూ, మెచ్చుకోలుగా అన్నాడు: "సూసిండ్రా? రేటు పెంచెటందుకు ఆఖరి ఆట ఆడుతాండు. కాకా, నువ్వు మామూలోనివి గావు. ఇంకింత కలిపి ఇస్త, పట్టు!"

మళ్ళీ చేతులు లేచాయి.

ఇదంతా గడప మీద నిలబడి, చేతిలో బియ్యం చాటతో దుర్గాబాయి చూస్తూనే ఉంది. చాట కింద పెట్టి మెట్లు దిగింది. జనం దారిచ్చారు. ఆమె ఒక్కొక్కరినీ వేలితో లెక్కపెట్టింది. పద్నాలుగు.

"పోండ్రి," అంది. "ఎవ్వరికి ఇయ్యం."

సత్తయ్య చెవులను నమ్మలేకపోయాడు. "ఏందే? నువ్వే గదనే అమ్మాలంటివి?"

"పద్నాలుగు మంది ఎగబడినంక అమ్మెటోడు పిచ్చోడు. మా నాయిన గిట్లనే ఆగమాగం రోడ్డు మీది రెండెకరాలు అమ్మి, పానం పోయెదాంక ఏడ్సిండు. రెండేండ్లు ఆపుదాం. పరేషాన్ గాకు, ఏడికి వోతది!"

పద్నాలుగు మందిలో ఒక్కడు కూడా ఆమె మాటకు ఎదురు చెప్పలేదు. వాళ్ళకు తెలిసిన చదువే అది. "అమ్మకు లెక్క తెలుసు," అని గౌరవంగా తలలూపి, ఫోను నంబర్లు ఇచ్చి, ఒక్కొక్కరే బళ్ళెక్కారు.

సత్తయ్య పెళ్ళినాడు కూడా భార్యను అంత ప్రేమగా చూసి ఉండడు. గేటు దగ్గర పడి ఉన్న కండువా దులిపి భుజాన వేసుకుని, తాళం వేలికి తగిలించుకుని, ఈల వేసుకుంటూ కారు తలుపు తీశాడు.

"యాడికి?"

"షామీర్‌పేటకు. ఒక చాయ్ తాగొస్త."

దుర్గాబాయి తాళం ఆయన వేలి నుంచి తీసి తన బొడ్డులో దోపుకుంది. "తిప్పితె అరుగదా? అరిగినదానికి రేటెట్ల వస్తది?"

మంగళవారం కల్లా కారు చుట్టూ నాలుగు మూలలా రాతి కడీలు పాతించి, ముళ్ళతీగ చుట్టించి, బోర్డు రాయించింది: 'ఈ కారు దుర్గాబాయి గారిది. ఎవరూ లోనికి ప్రవేశించరాదు.'

సత్తయ్య ఇప్పుడు చాయ్‌కి బస్సులో పోతున్నాడు. బోర్డు మీద రాసింది ఎవరికి వర్తిస్తుందో ఆయన ఒకసారి అడిగి తెలుసుకున్నాడు.