జఖారు ఇంట్లో చిమటలు

తైసియా కోటుకున్న నక్కబొచ్చు కాలరుకి పెద్ద చరిత్రే ఉంది. వాళ్ల అమ్మమ్మ రోజుల్లో తలా తోకాతో నక్క నక్కంతా భుజాల మీద పడుకునేది. అమ్మ హయాంలో ఫ్యాషన్ మారి తల ఎగిరిపోయింది. తైసియా వంతు వచ్చేసరికి కాలరు మాత్రం మిగిలింది. దాన్ని ఇప్పుడు కరగదీస్తున్నది ఫ్యాషన్ కాదు, కట్టుకున్న మొగుడు జఖారు.

వచ్చే శనివారం ఒనేగా సరస్సు మంచు మీద, జఖారు పనిచేసే ఫ్యాక్టరీవాళ్ల చేపలు పట్టే పోటీ. పదకొండేళ్లుగా తోటి పనివాడు ప్రోఖోర్ చేతిలో ఓడిపోతున్న జఖారు, ఈసారి ముందే సాధన చేస్తూ, గాలానికి ఎరగా కాసింత నక్కబొచ్చు కట్టి చూశాడు. చేపలు ఎగబడ్డాయి. ఇక ఆగుతాడా? రోజుకో చిటికెడు కత్తిరించాడు.

గురువారం తైసియా వేలికి కాలరు మీద గుండీ అంత నున్నటి చోటు తగిలింది.

"ఏమయ్యా, ఇదేమిటి?"

"బొచ్చు కొరికే చిమటలు, తాయా."

"జనవరిలోనా?"

"ఆకలి కదా పాపం."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. జఖారు భయపడాల్సింది అక్కడే.

"చిమటలంటే ఊరుకోకూడదు. బొచ్చువన్నీ బాల్కనీలో చలికి పెడితేనే చస్తాయి" అంటూ అతని గొర్రెతోలు కోటూ, కుందేలుబొచ్చు టోపీ మోసుకుపోయింది.

"ఎల్లుండే పోటీ! నా వాటికి పట్టలేదే."

"నీకెలా తెలుసు?"

"అవి నక్కని తప్ప ముట్టవు."

"అబ్బో, అంత పరిచయమా!"

శనివారం పొద్దున్నే కోటు తిరిగొచ్చింది. టోపీ మాత్రం ఉత్త గుడ్డ అయి వచ్చింది. తైసియా కాలరు మీద నున్నటి చోట తెల్లటి కుందేలుబొచ్చు అందంగా కూర్చుంది.

"తాయా, నా టోపీ?"

"నక్క అయిపోయిందిగా, కుందేలు మీద పడ్డాయి" అంటూ తన పూల శాలువా అతని తలకి చుట్టి, గడ్డం కింద ముడేసింది.

జఖారు గెలిచాడు. ప్రోఖోర్‌ కంటే తొమ్మిది చేపలు ఎక్కువే పట్టాడు. ఒక్కరైనా చూస్తేనా? మగాళ్లు శాలువా చూసి పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆడవాళ్లంతా తైసియా చుట్టూ మూగారు.

"నక్క మధ్యలో కుందేలు! ఎక్కడ కుట్టించావమ్మా?"

"మా ఆయన ఆలోచనే" అంది తైసియా మురిసిపోతూ.

వారం తిరిగాక ఆదివారం జఖారు సరస్సుకి వెళ్లేసరికి, మంచు మీద పదమూడుమంది మొగుళ్లు పూల శాలువాలు చుట్టుకుని, గాలాల ముందు గుర్రుగా కూర్చుని ఉన్నారు. ప్రోఖోర్‌ది గులాబీల శాలువా. అతను తలెత్తి చూసి, "ఇంకేమైనా ఆలోచనలు ఉన్నాయా బాబూ?" అన్నాడు.

జఖారు గాలం చంకన పెట్టుకున్నాడు. వాళ్లకి బాగా దూరంగా పోయి, మంచులో కన్నం తవ్వుకున్నాడు.