వేదిక కింద పగులు

సోమవారం ఉదయం పది గంటలకు సెలూన్ వీధిలో రోడ్డు పగులును పూడ్చే కార్యక్రమం మొదలైంది. పదకొండు గంటలకు విజయవంతంగా ముగిసింది. పగులు ఉన్నచోటే ఉంది.

ఈ పగులు సెలూన్ గడప ముందు మొదలై, రోడ్డుకు అడ్డంగా వంకరలు తిరుగుతూ పోయి, ఎదుటి కరెంటు స్తంభం దగ్గర ఆగుతుంది. వేలు దూరేంత వెడల్పు ఉంటుంది. పోయిన వానాకాలం నీళ్ళు అందులోంచి దిగి, రోడ్డు కింది మట్టిని తడిపి, సెలూన్ నేల కిందికి చేరాయి. నేల ఒక పక్కకు కుంగింది. నేలతోపాటు కుర్చీ ఒరిగింది. సెలూన్‌లో ఉన్నది ఒక్కటే కుర్చీ. అప్పటినుంచి ఆ వీధి మగవాళ్ళందరికీ ఎడమ చెంప మీది జుట్టు కుడి చెంప కంటే కిందికి దిగి ఉంటోంది. అందరికీ ఒకేలా ఉంది కనుక ఎవరూ గమనించలేదు.

ఈసారి మళ్ళీ నీళ్ళు దిగితే పక్కగోడ నిలబడదని తాపీమేస్త్రీ చూసి చెప్పాడు. సెలూన్ ఆయన కాపురం ఆ గోడ వెనక గదిలోనే. అందుకని అతను రోడ్ల శాఖ చుట్టూ తిరిగాడు. శాఖ స్పందించింది. ముఖ్య అతిథిని పిలిచింది.

టెంటు వాళ్ళు పొద్దున్నే వచ్చి, వేదికకు నీడ వెతికారు. నీడ సెలూన్ ముందే ఉంది. బల్లలు అక్కడే వేశారు, పైన తివాచీ పరిచారు. పగులు దాని కిందికి పోయింది.

ఇంజినీరు ప్రసంగించారు. "పగులు చిన్నగా ఉన్నప్పుడే పట్టించుకోవాలి. లోపలి దుమ్ము ఊదెయ్యాలి. తడి లేకుండా ఆరబెట్టాలి. కాచిన తారు అంచులదాకా నింపాలి. ఇదంతా వాన పడకముందే జరగాలి. ఒక్కసారి నీళ్ళు కిందికి దిగాయా, ఇక ఆ రోడ్డును దేవుడు కూడా కాపాడలేడు!" ఇందులో ఒక్క అబద్ధం లేదు. జనం చప్పట్లు కొట్టారు. అందరి చప్పట్లూ ఆగాక కూడా సెలూన్ ఆయన కొడుతూనే ఉన్నాడు.

తారు కాగింది. ముఖ్య అతిథి గరిటె అందుకుని లేచారు.

"పగులేదయ్యా?"

"తమరి కాళ్ళ కిందేనండీ" అన్నాడు సెలూన్ ఆయన.

ముఖ్య అతిథి కాళ్ళ వంక చూసుకున్నారు. తర్వాత ఇంజినీరు వంక చూశారు. వేదికను తీయాలంటే ముందు పెద్దలను దించాలి. పెద్దలను దించే అధికారం ఇంజినీరుకు లేదు. తారు ఎక్కువసేపు ఆగదు. ఇంజినీరు ఆలోచించి, రోడ్డు కోసే మిషన్‌ను వీధి సంక్షేమ సంఘం అధ్యక్షుడి ఇంటి ముందుకు పంపారు. అక్కడ రోడ్డు బాగుంది. బాగున్న రోడ్డులో తిన్నగా ఒక గాడి కోసి, దుమ్ము ఊది, తారు పోశారు. ఫొటోలు తీశారు. ముఖ్య అతిథి బూట్లకు తారు అంటకుండా కార్యక్రమం పూర్తయింది.

మర్నాడు సెలూన్ ఆయన ఆఫీసుకు వెళ్ళాడు.

"పగులు అలాగే ఉందండీ."

"ఏ పగులు?" అన్నారు ఇంజినీరు.

"నిన్న మీరు పూడ్చడానికొచ్చింది."

"పూడ్చేశాం కదయ్యా."

"మీరు పూడ్చింది మంచి రోడ్డండీ. పగులు కాదు."

"ఇప్పుడు కాదు, నిజమే. పూడ్చాం గనక కాదు. పూడ్చకముందు పగులే. మిషన్ కోస్తుంటే పక్కనే నిలబడి చూశాను."

"మరి మా ముందున్నదో?"

"అది వేరే పగులు. దానికి వేరే దరఖాస్తు పెట్టుకో."

సెలూన్ ఆయన పెట్టుకున్నాడు.

ఈలోపు శాఖ పెద్దలు వచ్చి పని నాణ్యతను పరిశీలించారు. పూడ్చినచోట తారు ఎక్కడా విచ్చుకోలేదు. అంచులు లేవలేదు. శాఖ ఇంతవరకు పూడ్చిన పగుళ్ళలో మళ్ళీ నోరు తెరవనిది ఇదొక్కటే. కారణం ఏమిటని ఆరా తీస్తే, కింద రోడ్డు బాగుండటమే అని తేలింది. ఇకమీదట బాగున్న రోడ్డునే పూడ్చాలని శాఖ నిర్ణయించింది. దెబ్బతిన్న చోట పూడిస్తే అది నిలవకపోవచ్చు, శాఖకు చెడ్డపేరు రావచ్చు. సెలూన్ ఆయన దరఖాస్తును ఈ కారణం మీదే తిప్పి పంపారు.

వీధి ఊరుకోలేదు. అయితే సెలూన్ గురించి కాదు. అధ్యక్షుడి ఇంటి ముందు నల్లగా, తిన్నగా, మెరుస్తూ గీత ఉంది. తమ ఇళ్ళ ముందు లేదు. "ఆయన గారింటి ముందే వెయ్యాలా? మేమేం పాపం చేశాం?" అని రిటైరైన లెక్కల మాస్టారు ఇంజినీరును నిలదీశారు. శాఖ మరోసారి స్పందించింది. ఇంటింటి ముందూ రోడ్డు కోసి పూడ్చారు. మేడ ఉన్నవాళ్ళు రెండేసి గీతలు వేయించుకున్నారు. మాస్టారుగారి గీత బెత్తెడు తమవైపు జరిగిందని పక్కింటావిడ వాళ్ళింటికి కూర గిన్నె పంపడం మానేసింది. కొత్తగా అద్దెకు దిగేవాళ్ళు నీళ్ళ సంగతి అడిగాక, గీత ఉందా అని అడగడం మొదలుపెట్టారు.

సెలూన్ ముందు మాత్రం గీత వేయలేదు. అక్కడ రోడ్డు పగిలి ఉంది.

మబ్బులు పట్టాయి. ఆదివారం పొద్దున సెలూన్ ఆయన బావమరిది తారు డబ్బా మోసుకొచ్చాడు. అతను మేడల మీద నీళ్ళు కారకుండా తారు పూసే పని చేస్తాడు.

"ఇంకెన్నాళ్ళు తిరుగుతావ్ బావా? రెండు గరిటెల పని. పోసేద్దాం."

"గవర్నమెంటు రోడ్డురా. ఏమైనా అంటారేమో."

"రోడ్డు వాళ్ళదే" అంది సెలూన్ ఆయన భార్య లోపలినుంచి. "గోడ మనదిగా? కూలితే ఆఫీసులో వాళ్ళ మీద పడదు, నా నెత్తిన పడుద్ది. పొయ్యి నేను వెలిగిస్తా, నువ్వు కానియ్ తమ్ముడూ."

ముగ్గురూ కలిసి పగులు ఊడ్చారు, ఆరబెట్టారు, నింపారు. ఇంజినీరు ప్రసంగంలో చెప్పిందేదీ వదిలిపెట్టలేదు.

సాయంత్రం సంఘం అత్యవసరంగా సమావేశమైంది. వీధిలో గీతలన్నీ తిన్నగా ఉండగా ఇదొక్కటే వంకరగా ఉందని, దీనివల్ల వీధి పరువు పోతోందని సభ్యులు ఆవేదన వ్యక్తం చేశారు. శాఖకు ఫిర్యాదు చేశారు. మర్నాడు అధ్యక్షుడు గడ్డం గీయించుకోవడానికి వచ్చి, కుర్చీలో ఒరిగి కూర్చుని, సంగతి తనే చెప్పాడు.

"నీ మీద మాకేం కోపం లేదయ్యా. గీత వంకర. అంతే."

"పగులే వంకరగా ఉందండీ. నేనేం చెయ్యను?"

"అది నీ సొంత విషయం. వీధి అందరిదీ. కాస్త మీసం కూడా సర్దు."

సెలూన్ ఆయన సర్దాడు.

బుధవారం శాఖ సిబ్బంది వచ్చారు. అనధికారంగా పోసిన తారును గీకి తీశారు. పగులును పూర్వస్థితికి తేవాలని ఉత్తర్వు. పూర్వం ఎంత వెడల్పు ఉండేదో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. తక్కువ చేస్తే మాట వస్తుందని మిషన్‌తో జానెడు వెడల్పు కోశారు. అడుగున మట్టి కనిపించాక ఆపారు. ఇకముందు సొంతంగా పగుళ్ళు పూడ్చేవారిపై చర్య తప్పదని స్తంభానికి బోర్డు కట్టి వెళ్ళారు.

గురువారం మధ్యాహ్నం వాన పడింది.

ఆ వీధిలో వాన వెలిశాక నీళ్ళు ఇళ్ళ గేట్ల దాకా నిలవడం మామూలు. ఈసారి నిలవలేదు. గీతల మీదుగా జారి, అన్నీ సెలూన్ వైపు వెళ్ళి, కోసిన పగులులోకి దిగిపోయాయి. సాయంత్రానికి గేట్ల ముందు తడి కూడా లేదు. పిల్లలు బంతి ఆడుకున్నారు. మాస్టారు చెప్పులు తడవకుండా పాల ప్యాకెట్ తెచ్చుకున్నారు. ఇన్నేళ్ళలో ఇలాంటి పని జరగలేదని అందరూ అనుకున్నారు. సంఘం మళ్ళీ అత్యవసరంగా సమావేశమై, రోడ్ల శాఖకు కృతజ్ఞతలు తెలుపుతూ తీర్మానం రాసింది. వీధివాళ్ళంతా సంతకాలు చేశారు. ఏకగ్రీవం అని రాయడానికి ఒక్క సంతకం తక్కువైంది.

అధ్యక్షుడు కాగితం తీసుకుని తనే బయల్దేరాడు. సెలూన్ పక్కగోడ లోపలికి కూలి ఉంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. భార్య, బావమరిది ఇటుకలు ఏరుతున్నారు. సెలూన్ ఆయన గడ్డం గీసే నీళ్ళ గిన్నెతో వెనక గదిలోంచి నీళ్ళు తోడి పోస్తున్నాడు.

"ఇక్కడ ఓ సంతకం పెట్టవయ్యా. నీ ఒక్కడిదే మిగిలింది."

"చేతులు తడిగా ఉన్నాయండీ."

"పర్లేదు, ఆరనీ. తొందరేం లేదు."

అధ్యక్షుడు పెన్ను మూత తీసి చేత పట్టుకుని, గడప బయట తడి లేని చోటు చూసుకుని నిలబడ్డాడు.