దెసిమిర్ గారి పదిహేడు నోటుపుస్తకాలు

సుహిదోల్ గ్రామంలో దేవుడు ఉన్నాడని ఒక మంగళవారం పంచాయతీ సమావేశంలో తీర్మానించారు. అనుకూలం ఎనిమిది మంది, తటస్థం ఒకరు. అంతకు ముందు నలభై అయిదేళ్ళు ఆయన లేడు. అదీ తీర్మానం ప్రకారమే కాబట్టి పంచాయతీని ఎవరూ వేలెత్తి చూపడానికి లేదు.

దేవుడొచ్చాక ఆయన పరివారమూ రావాలి కదా. సెర్బుల ఇంటింటికీ ఒక పునీతుడుంటాడు, తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవాడు. ఏటా ఆయన పండగనాడు రొట్టె కాల్చి, గోధుమలు ఉడికించి, కొవ్వొత్తి వెలిగిస్తే జనం వాళ్ళంతట వాళ్ళే వస్తారు. పిలవడం అసలు మర్యాదే కాదు. చిక్కల్లా ఏమిటంటే, మా ఊళ్ళో సగం ఇళ్ళవాళ్ళకి తమ పునీతుడెవరో తెలియదు. తండ్రులు భయపడి చెప్పలేదు, కొడుకులు భయపడి అడగలేదు. పశువుల డాక్టరు వుకోయె మూడు వారాల్లో ముగ్గురు పునీతుల్ని మార్చి చూశాడు. ఒక్కరూ నప్పలేదట.

అప్పుడు అందరికీ గుర్తొచ్చింది కమ్యూనిస్టు పార్టీ మాజీ కార్యదర్శి దెసిమిర్ గారు. ఎవరింట్లో పండగ చేస్తున్నారో కనిపెట్టి పైకి రాయడం ఆ రోజుల్లో ఆయన పని. మతానికి ఏ మతాధికారీ అంత నిష్ఠగా సేవ చేసి ఉండడు. మొత్తం పదిహేడు నోటుపుస్తకాలు. "అక్టోబరు 31. వుకోయె తండ్రి ఇల్లు. గోధుమలు ఉడికించారు. ఇంట్లో చావు లేదు." మా దగ్గర గోధుమలు ఉడికేది చావుకో, పునీతుడికో. ఇంకేం, అక్టోబరు 31 అంటే పునీత లూకా! వుకోయె గేటు దగ్గరే ఆయన చేతులు పట్టుకుని బావురుమన్నాడు.

"మా నాన్న ఉద్యోగం ఊడగొట్టింది మీరేనండీ, తెలుసు. కానీ మీరే లేకపోతే మా వంశానికి దిక్కెవరండీ!"

ఆ ఆదివారం చర్చిలో ఫాదర్ గావ్రిలో ప్రసంగించారు. "ఈ మహనీయుడు కళ్ళలో వత్తులు వేసుకుని మన విశ్వాసాన్ని కాపాడాడు. మనం మరిచిపోయినా ఆయన మరవలేదు!" జనం కళ్ళు తుడుచుకున్నారు. మరిచిపోవలసిన అవసరం ఎందుకొచ్చిందని అడిగే అమర్యాదస్తులు మా ఊళ్ళో లేరు.

దెసిమిర్ గారి బాధ మాత్రం ఎవరికీ పట్టలేదు. పుస్తకాల్లో ఊరందరి పునీతులూ ఉన్నారు, ఆయన పునీతుడు తప్ప. రాసేవాడి మీద రాసేదెవరు? భార్య పోయి ఆరేళ్ళయింది. కరెంటు మీటరు చూసేవాడు తప్ప ఎవరూ గడప తొక్కలేదు. పనున్నవాళ్ళు కూడా గేటు దగ్గరే తేదీ కనుక్కుని వెళ్ళిపోయేవారు. తనకీ ఒక పునీతుడుంటే ఏడాదికి ఒక్కరోజైనా ఇంటికి మనుషులొస్తారు కదా అని ముసలాయన ఆశ.

పక్కింటి స్తమేనాకి తొంభై దగ్గర పడింది. మనవరాలి అత్తింటివారి పునీతుడి తేదీ అడగడానికి ఆమె గేటు దగ్గరికొచ్చినప్పుడు దెసిమిర్ గారు నొచ్చుకుంటూ అన్నాడు.

"నా సర్వీసులో తేలని కేసు ఒక్కటేనే అత్తా. ఏటా డిసెంబరు 19న తేనెమైనం కొవ్వొత్తి వాసన. వీధి మనదే. ఇల్లు మాత్రం తేలలేదు. అరవై ఎనిమిదో సంవత్సరం నుంచి వాసన ఆగిపోయింది. హెచ్చరికలు పనిచేశాయని రాశాను."

"హెచ్చరికలు కాదురా నీ మొహం! అరవై ఎనిమిదిలో మీ అమ్మ పోయింది. మీ ఇంటి కిందే, సారా పీపాల గదిలో వెలిగించుకునేది పిచ్చితల్లి. మావాడు రాసేస్తాడే, చెప్పకే స్తమేనా అని నాచేత ఒట్టేయించుకుంది."

దెసిమిర్ గారు గేటు పట్టుకున్నాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. కన్నతల్లి తనని చూసి పదేళ్ళకు పైగా భయపడిందన్న సంగతి ఏ పుస్తకంలోనూ నమోదు కాలేదు.

డిసెంబరు 19 రానే వచ్చింది. పునీత నికొలాయ్ పండగ, మాంసం ముట్టని ఉపవాస దినాలు, కాబట్టి చేపలు వేయించాడు. రొట్టె కాల్చాడు, గోధుమలు ఉడికించాడు, అమ్మ పీపాల గదిలోనే కొవ్వొత్తి వెలిగించి పైకి తెచ్చాడు. పన్నెండయింది. ఎవరూ రాలేదు. రెండయింది. స్తమేనా మోకాళ్ళు పట్టేసి మంచంలో ఉంది. తక్కిన ఊరికి ఏ జబ్బూ లేదు.

ముసలాయన కిటికీ దగ్గర కూర్చుని, అలవాటు చొప్పున కొత్త నోటుపుస్తకం తెరిచి రాశాడు: "డిసెంబరు 19. ఎవరూ రాలేదు."

దెసిమిర్ గారు పండగపూట కిటికీలో కలం పట్టుకుని కూర్చున్నారన్న వార్త అయిదు నిమిషాల్లో ఊరు చుట్టింది. పావుగంటలో ఇల్లు కిక్కిరిసిపోయింది. కుర్చీలు చాలక జనం మెట్ల మీద కూర్చున్నారు. ఒకప్పుడు ఆ పుస్తకంలో పేరు పడకూడదని వణికినవాళ్ళే, పేరు పడిందో లేదో మెడలు సాచి చూసుకుంటూ శిలువ గుర్తు వేసుకున్నారు.

"నేనొచ్చినట్టు రాశారాండీ?" అన్నాడు వుకోయె. "గోధుమలు రెండు చెంచాలు తిన్నాను. అది కూడా రాయండి."

దెసిమిర్ గారికి అంతా అర్థమైంది. అయినా ఇల్లు నిండిందన్న సంతోషం పట్టలేక, "ఎవరూ రాలేదు" కొట్టేసి, ఒక్కొక్కరి పేరూ రాసుకుంటూ పోయాడు.

అప్పుడు ఫాదర్ గావ్రిలో గ్లాసు పైకెత్తి, రానివాళ్ళ పేర్లు కూడా వేరే పేజీలో రాస్తే చర్చికి సౌకర్యంగా ఉంటుందని ప్రతిపాదించారు. ప్రతిపాదనను అక్కడున్నవాళ్ళంతా ఏకగ్రీవంగా ఆమోదించారు. లేనివాళ్ళ అభిప్రాయం ఇంకా తెలియరాలేదు.