నీలం తిరిగిన పారాణి

ఎనిమిది గంటల బస్సుకి ఏలూరులో బయలుదేరి, ఎగ్జామినర్ వచ్చే పదకొండింటికి ముందే తాడేపల్లిగూడెం కాలేజీ ల్యాబులో ఉండాలని రత్నమాణిక్యం ప్లాను. ఎండ సాయంతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీయడం ఆమె పరిశోధన. గాజుపలక మీద కంటికి కనిపించనంత చిన్న బంగారు రేణువులు పూస్తే ఆ పని చురుగ్గా సాగుతుంది. రేణువులు కలిసిన నీరు కెంపులా ఎర్రగా ఉంటుంది. ల్యాబు ఫ్రిజ్ పాడైతే, మిగిలిన ఒక్క సీసానూ ఇంటి ఫ్రిజ్‌లో పెట్టింది. ఎగ్జామినర్ చూసి సంతకం పెడితేనే ఫెలోషిప్ మరో ఏడాది సాగుతుంది.

ఫ్రిజ్ తెరిస్తే సీసా లేదు.

అత్తగారు వీరరాఘవమ్మ పొద్దున్నే పెంటపాడు వెళ్లారు. అక్కడ మేనకోడలు భాగ్యశ్రీని పెళ్లికూతుర్ని చేస్తున్నారు. రత్నమాణిక్యం ఫోన్ చేసింది.

"అత్తయ్యగారూ, ఫ్రిజ్‌లో ఎర్ర సీసా చూశారా అండీ?"

"పారాణే కదమ్మా, నేనే పట్టుకొచ్చాను. ఏం పారాణో, నీళ్లలా ఉంది. రంగు తేలుతుందని కాస్త సున్నం వేస్తున్నా... అయ్యో, నీలం తిరిగిపోయిందే!"

"అది పారాణి కాదండీ! అందులో బంగారం ఉంది!"

అవతల ఫోన్ స్పీకర్‌లో ఉందని ఆమెకు తెలియదు.

బస్సు దిగి, ఆటో పట్టుకుని పెంటపాడు చేరేసరికి బంగారం మాట విన్న ఆడవాళ్లంతా పందిట్లో పారాణికి కాళ్లు చాపుకుని కూర్చున్నారు. నీలం అపశకునమని సగం మంది, బంగారానికి రంగేమిటని సగం మంది. ఈలోగా ల్యాబు నుంచి ఆమె గైడ్ ప్రొఫెసర్ పాండురంగారావు ఫోన్.

"ఎక్కడున్నారమ్మా? సార్ వచ్చేశారు!"

"బంగారం కాళ్లకి పూసేస్తున్నారండీ, వచ్చేస్తున్నా!"

ఆమె సీసా లాక్కుంది. అడుగున అంగుళం మిగిలింది.

"వదినా, నాకు ఒక్క కాలికే పూశారు!" భాగ్యశ్రీ ఏడుపు మొహం పెట్టింది.

"రెండోదానికి కుంకుమ నీళ్లు రాయించుకో తల్లీ!" అంటూ రత్నమాణిక్యం పరుగెత్తింది.

నీలం తిరిగిందంటే రేణువులు ఉండకట్టాయని, ఇక పనికిరావని ఆమెకు తెలుసు. అయినా మరో దారి లేక, ల్యాబుకి చేరగానే దాన్నే పలకకు పూసి, హెయిర్ డ్రైయర్‌తో ఆరబెట్టి, కిటికీ ఎండలో నీటిలో ముంచి కళ్లు మూసుకుంది.

"అబ్బో!" అన్నాడు ఎగ్జామినర్.

కళ్లు తెరిచింది. ఎప్పుడూ అరకొరగా లేచే బుడగలు గోళీసోడాలా పొంగుతున్నాయి. ఉండకట్టిన రేణువులు ఎండలోని ఎర్రటి వెలుగును కూడా పట్టేస్తున్నాయని ఆయనే సంబరంగా వివరించి, సంతకం పెట్టి, పెన్ను మూయకుండా అడిగాడు.

"ఏం కలిపారు?"

"సున్నం సార్."

"ఎంత?"

రత్నమాణిక్యం అత్తగారికి మళ్లీ ఫోన్ చేసింది.

"చిటికెడమ్మా," అన్నారు వీరరాఘవమ్మ. "చిటికెడు కూడా కాదు, కంటికి ఆనినంత."

ఆ కొలతను మిల్లీగ్రాముల్లోకి మార్చే పని ల్యాబులో మొదలై ఇది రెండో నెల.