సామాన్యుల వైఫై

“గాలి అందరికీ సమానం. గాల్లో వచ్చే నెట్టూ అందరికీ సమానమే!” అని కొత్త కార్యాలయ భవనంలో మంత్రిగారు ప్రకటించారు. ఆ సమానత్వాన్ని తరగతులుగా విడగొట్టే పని కాంట్రాక్టు ఇంజనీరమ్మకి అప్పగించారు. ప్రారంభోత్సవం సవ్యంగా జరిగితే ఉద్యోగం ఇంకో ఏడాది. లేకపోతే ఇంటికి.

ఇంజనీరమ్మ తల్లికి ఆనాటి నుంచి ముద్ద దిగలేదు.

“ఆ తీగలు షాకు కొట్టవు కదే?”

“కొట్టవమ్మా. సగంమందికి తీగే ఉండదు.”

“అయ్యో! అది కొడితే ఎక్కణ్ణుంచి కొట్టిందో కూడా తెలీదు!”

ప్లాను మాత్రం ముచ్చటగా ఉంది. బల్లల దగ్గర గుమాస్తాలకి తీగ నెట్టు. అధికారులకో వైఫై. మంత్రిగారికీ, ఆయన ఇద్దరు బావమరుదులకీ ‘అతిముఖ్యులు’ అనే వైఫై. హాల్లో అర్జీలు పట్టుకు నిలబడే జనానికి ‘సామాన్యులు’.

మర్నాడే అధికారులు దిగారు. “అయితే మేం అముఖ్యులమా అమ్మా?” ఇంజనీరమ్మ వాళ్ళనీ అతిముఖ్యుల్లో చేర్చింది. గుమాస్తాలు అలిగారు. “తీగతో బల్లకి కట్టేయడానికి మేమేమన్నా గొడ్లమా?” వాళ్ళూ చేరారు. చివరికి గేటు కాపలాదారు వచ్చాడు.

“నేను గేటు తియ్యకపోతే మంత్రిగారు లోపలికెలా వస్తారండీ?”

వాదనలో పస ఉంది. అతనూ చేరాడు. జనం మాత్రం ఏమీ అడగలేదు. వాళ్ళ అర్జీలు ఇంకా కాగితం మీదే తీసుకుంటున్నారు.

ప్రారంభోత్సవం రోజున తల్లి వచ్చి హాల్లో చివరి కుర్చీలో ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంది. అతిముఖ్యులందరూ ఒక్కసారే ఫోన్లు తీశారు. ఊరూరా తెరల మీద చూడాల్సిన మంత్రిగారి ప్రసంగం “ప్రియమైన” దగ్గర, నోరు తెరిచి ఉండగా, ఆగిపోయింది.

తల్లి వెంటనే చెల్లెలికి వీడియో కాల్ చేసింది. “దాని ఉద్యోగం మంటగలిసిందే చెల్లీ!” అవతల చెల్లెలూ ఏడ్చింది. ఒక్కో కన్నీటి బొట్టూ లెక్కపెట్టుకోవచ్చు, బొమ్మ అంత స్పష్టంగా ఉంది.

మంత్రిగారి పీఏ పరుగున వచ్చాడు. “ఏమ్మా, నీ ఫోనొక్కటే ఎలా ఆడుతోంది?”

“నేను సామాన్యుల్లో ఉన్నాను బాబూ. ఒక్కదాన్నే ఉన్నాను.”

మంత్రిగారు ఆవిడ ఫోన్లోంచే ఊరూరికీ గంటసేపు మాట్లాడారు. “నేనెప్పుడూ సామాన్యుల్లో ఒకణ్ణే!” అంటే చప్పట్లు మోగిపోయాయి. ఇంజనీరమ్మ ఉద్యోగం అక్కడికక్కడే పొడిగించారు.

మర్నాడు తల్లి ఫోను కోసం వెళ్తే గేటు కాపలాదారు తెచ్చిచ్చాడు.

“ఇందులో సామాన్యుల నెట్టు తీసేశారు పెద్దమ్మా. అది ఇక మంత్రిగారొక్కరికే.”

ఆవిడ కాళ్ళీడ్చుకుంటూ ఇంటికి వచ్చేసరికి కూతురు కొత్త ఉత్తర్వు చదువుతోంది. అందులో ఉన్న పని ఒక్కటే: సామాన్యుల నెట్టులోకి సామాన్యులు రాకుండా చూడడం.

తల్లి దాన్ని రెండుసార్లు చదివించుకుంది.

“హమ్మయ్య! ఈ ఉద్యోగం ఇక ఎప్పటికీ పోదే” అని, ఆ పూట కడుపునిండా తింది.