లావు తీగను బిగించిందెవరు?

"నేరం చేసినవాడు ముగ్గురి కళ్లు కప్పలేడు. ఒకటి దేవుడు, రెండు వాడి అంతరాత్మ, మూడు నేను. మొదటి ఇద్దరూ ఒక్కోసారి పోనీలే అని వదిలేస్తారు. నేను వదలను!"

మా బాబాయి ఈ మాటలన్నది స్టూలు మీద నిలబడి. స్టూలెక్కింది ఫ్యాను రెక్కల మీద వేలిముద్రలు వెతకడానికి. కేసేమో గిటారుది. గిటారుకీ ఫ్యానుకీ ఏంటి సంబంధం అని అడిగితే, "సంబంధం లేని చోటే నేరస్తుడుంటాడే పిచ్చిమొహమా" అన్నాడు.

బాబాయి పనిచేసేది కళ్లజోళ్ల షాపులో. వచ్చినవాళ్ల ముక్కు మీద అద్దాలు మార్చి మార్చి పెట్టి, "ఇది బావుందా, ఇందాకటిది బావుందా" అని అడగడం ఉద్యోగం. మిగతా టైమంతా డిటెక్టివ్. తనకి తనే ఇచ్చుకున్న బిరుదు డేగకన్ను. ఆ డేగ కళ్లజోడు తీస్తే గోడకి కూడా నమస్కారం పెడుతుంది.

ఇక కేసు. నేను గిటారు నేర్చుకోవడం మొదలుపెట్టాను. దీనికి ముందు ఈత మొదలుపెట్టాను, బొమ్మలేయడం మొదలుపెట్టాను, పరాయిభాష ఒకటి మొదలుపెట్టి 'నమస్తే, నీళ్లెక్కడ' దాకా వచ్చాను. "మొదలుపెట్టడంలో నీ తర్వాతే ఎవరైనా" అని నాన్న మెచ్చుకోలు. కానీ ఈసారి సంగతి వేరు. ఎడమచేతి వేళ్లు కాయలు కాసి, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఏ మీట నొక్కినా "అబ్బా" అనే స్థితికొచ్చినా మానలేదు. ఆ పట్టుదల చూసి నాకే నా మీద అనుమానం వచ్చింది.

ఆ ఆదివారం సాయంత్రం మా గిటారు మాస్టారు శిష్యులందరితో చిన్న కచేరీ పెట్టారు. అందులో నా వంతు, పాట పొడుగునా అన్నిటికంటే లావు తీగని తాళానికి మీటడం. డమ్... డమ్... డమ్. కొత్తవాళ్లకి అంతకంటే ఇవ్వరు. అయినా ఆ డమ్ నాది. నేను మొదలుపెట్టిన వాటిలో స్టేజీ దాకా వచ్చింది అదొక్కటే.

చిక్కల్లా ఏంటంటే, ఇంట్లో శుభ్రంగా శృతి చేసుకుని వెళ్తానా, క్లాసులో తీసేసరికి ఆ లావు తీగ ఒక్కటే అపశృతి. మిగతావన్నీ బుద్ధిమంతుల్లా ఉంటాయి.

"ఏంటమ్మా ఇది? గిటారు తీగా, బట్టలారేసుకునే తీగా? ఎందుకింత బిగించావు?" అన్నారు మాస్టారు ముందురోజు క్లాసులో.

"ఇంట్లో బానే ఉంది మాస్టారూ. ఫోన్‌లో పచ్చలైటు కూడా వచ్చింది."

"పచ్చలైటొస్తే దూసుకుపోవడానికి ఇది నాలుగురోడ్ల కూడలా? చెవిపెట్టి వినాలి. రేపు కూడా ఇలాగే వచ్చావనుకో, స్టేజీ ఎక్కొద్దు. ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టు. అదైనా తాళంలో కొట్టు."

చెవి మీద నాకంత నమ్మకం లేదు. శృతి కోసం ఫోన్‌లో యాప్ ఉంది. తీగ మీటితే అది విని, ముల్లు ఊపుతూ 'ఇంకా బిగించు' అనో 'కాస్త వదులు చెయ్యి' అనో చెబుతుంది. సరిపోతే పచ్చలైటు. తెర మీద పచ్చగా వెలిగితే పనైపోయిందని నమ్మే చదువు నాది. క్లాసున్న రోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక హాల్లో కూర్చుని, యాప్ చెప్పినట్టల్లా బిగించి, పచ్చలైటు చూశాకే లేస్తాను. అయినా ఇదీ వరస.

"కుట్ర!" స్టూలు దిగుతూ తేల్చేశాడు బాబాయి. "ఇంటికీ క్లాసుకీ మధ్య ఓ అదృశ్య హస్తం పనిచేస్తోంది. ముందు ఇంట్లోవాళ్లని విచారించాలి. అన్నయ్యా! నేరం జరిగిన టైముకి నువ్వెక్కడున్నావు?"

"ఇక్కడే. ఈ పడక్కుర్చీలోనే" అన్నాడు నాన్న, పేపరు దించకుండా.

"ఏం చేస్తున్నావు?"

"కళ్లు మూసుకుని ఆలోచిస్తున్నా."

"నమ్మదగిన సాక్షి" అని నాన్నని వదిలేసి వంటింటి వైపు తిరిగాడు. "వదినా! నువ్వూ..."

"గిన్నెలు తోముతున్నానయ్యా. సాక్ష్యం కావాలంటే రా, సగం మిగిలాయి" అంది అమ్మ.

వదిన మీద అనుమానం అక్కడితో నివృత్తి అయిపోయింది.

మిగిలింది పై పోర్షన్ నర్సమ్మ. రాత్రంతా ఆస్పత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటుంది. "నిద్ర చెడగొట్టే గిటారు మీద పగ! ఇంతకంటే బలమైన కారణం ఏ కోర్టుకైనా కావాలా?" అంటూ బాబాయి మెట్లెక్కాడు. ఆపడానికి నేనూ వెనకే పరిగెత్తాను.

తలుపు తీసిన నర్సమ్మ ఒక కన్నే తెరిచింది.

"నిన్న మధ్యాహ్నం మీరెక్కడున్నారు?"

"నిద్రలో."

"సాక్షులు?"

"నిద్రకి సాక్షులేంటండీ?"

"అంటే లేరన్నమాట! మా అమ్మాయి గిటారంటే మీకు కోపమా, కాదా?"

"పాపం, ఆ పిల్ల మీద నాకేం కోపం? గిటారు పర్లేదు. మధ్యాహ్నం పూట కింద మీరేదో మిషను నడుపుతారు చూడండి, దాంతోనే చస్తున్నా. పిండిమరా ఏమన్నా పెట్టారా?"

"మాట మార్చకండి!" గర్జించాడు బాబాయి.

ఆవిడ రెండో కన్ను కూడా తెరిచింది. "చూడండి సార్. పాడు చేయాలనుకుంటే తీగ జోలికెందుకెళ్తాను? గిటారే మాయమయ్యేది. తర్వాత మీరు." తలుపు దభాలున పడింది.

"చూశావా, తడబడింది" అన్నాడు బాబాయి నాతో, మెట్లు దిగేటప్పుడు తను తడబడుతూ.

మధ్యాహ్నం అన్నాలయ్యాయి. అమ్మ వంటింట్లో ఉంది. నాన్న కళ్లు మూసుకుని ఆలోచనలో పడ్డాడు. నేను యాప్ తెరిచి, ఫోన్‌ని టేబుల్ మీద నిలబెట్టి, గిటారు కోసం చూస్తే మూలన లేదు. హాలంతా తెల్లగా పౌడరు మాత్రం ఉంది.

"అడుగుజాడల కోసం" అన్నాడు బాబాయి గుసగుసగా.

"అది నా పౌడరు! గిటారేది?"

"రక్షణ కస్టడీలో. బీరువాలో పెట్టి తాళం వేశా. ఇక ఏ హస్తమూ ముట్టుకోలేదు."

"నేను కూడా ముట్టుకోలేను బాబాయ్. బయల్దేరాలి. తాళంచెవి ఇవ్వు."

"ప్రపంచంలో ఎవరికీ తట్టని చోట దాచా" అని చెయ్యి జేబులో పెట్టాడు. ఇంకో జేబులో పెట్టాడు. మొహం రంగు మారింది. "అదేనే... ఎవరికీ తట్టని చోట. అందులో నేనూ ఉన్నాననుకోలేదు."

నాకు ఏడుపొకటే తక్కువ. అక్కడ అందరూ సర్దుకుని స్టేజీ మీద కూర్చుంటుంటారు. నేనేమో హాల్లో మోకాళ్ల మీద పాకుతూ సోఫా కింద చెయ్యి పెట్టి తడుముతున్నాను. బాబాయి షాపు నుంచి తెచ్చిన భూతద్దంతో పౌడరు మీద పాకుతూ, తన చేతిముద్ర తనే చూసుకుని "దొరికాడు!" అంటున్నాడు.

టైమెంతైందో చూద్దామని తలెత్తి ఫోన్ వైపు చూశాను. అలాగే ఉండిపోయాను.

యాప్‌లో ముల్లు ఊగుతోంది. గిటారు బీరువాలో ఉంది. ముల్లు మాత్రం ఊగుతోంది. పైన 'లావు తీగ' అని చూపిస్తూ, 'ఇంకా బిగించు' అంటోంది. కాస్త ఆగింది. మళ్లీ లేచింది. 'ఇంకా బిగించు.' నేనేమీ బిగించకుండానే ముల్లు తనంతట తాను పైకెక్కి, పచ్చలైటు వెలిగింది!

మెల్లగా తల తిప్పాను. పడక్కుర్చీలో నాన్న. నోరు కొంచెం తెరుచుకుంది. గుర్ర్ర్... అన్నప్పుడల్లా ముల్లు లేస్తోంది. ఇరవై ఆరేళ్లుగా వింటున్న చప్పుడు, మా ఇంట్లో గోడగడియారం లాంటిది, ఎవరూ పట్టించుకోరు. యాప్ పట్టించుకుంది. సన్న తీగల దాకా నాన్న గొంతు వెళ్లదు కాబట్టి అవి బతికిపోయాయి. లావు తీగ దగ్గరికొచ్చేసరికి, నేను మీటింది వదిలేసి యాప్ నాన్నని వింటోంది. ఆయన తగ్గినప్పుడల్లా నేను తీగని బిగిస్తున్నాను. ఆయన గట్టిగా లాగితే పచ్చలైటు.

"బాబాయ్..." అన్నాను.

జవాబు పౌడరులోంచి వచ్చింది. పడక్కుర్చీ వెనకాల దూరిన బాబాయి ఒక్కసారిగా హాఆఆచ్చ్! అని తుమ్మాడు. నాన్న "దొంగ! దొంగ!" అంటూ ఎగిరి లేచాడు. కుర్చీ దిండు కిందనుంచి తాళంచెవి జారి నేల మీద ఖణేల్మంది. ముల్లు చచ్చినట్టు పడుకుంది.

అమ్మ తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చింది. విషయం చెప్పాను.

"నేనా? గురకా?" నాన్నకి రోషం వచ్చింది. "జన్మలో పెట్టలేదు. ఆలోచిస్తున్నా!"

అమ్మ చేతులు తుడుచుకుని ఫోన్‌ని రెండు చేతులతో అందుకుంది. "పెళ్లైన కొత్తలో ఈ మాటంటే నాకే చెవుల్లో ఏదో జబ్బన్నారు. డాక్టరుకి కూడా చూపించారు. ఏమే, నా ఫోన్‌లో కూడా ఇది పెట్టవే."

"కేసు ముగిసింది!" తల మీంచి పౌడరు దులుపుకుంటూ లేచాడు బాబాయి. "నాకు మొదటినుంచీ అనుమానం అన్నయ్య మీదే."

"మరి నర్సమ్మ?"

"అన్నయ్యకి అనుమానం రాకూడదని."

"తాళంచెవి?"

"నేరస్తుడి కిందే పెట్టాను కదే! కావాలనే" అన్నాడు. సిగ్గనేది లేదు.

గిటారు తీసుకుని వీధిలోకి పరిగెత్తాను. గేటు బయట, ఏ గురకా వినపడని చోట నిలబడి తీగని వదులు చేస్తూ వెళ్తే, అది హాయిగా ఊపిరి పీల్చుకున్నట్టు డమ్మంది. ఈసారి లైటు చూడకముందే, సరిపోయిందని నాకే తెలిసింది.

మాస్టారు ఒకసారి మీటి చూశారు. స్టేజీ వైపు చెయ్యి చూపించారు.

పాట మొత్తం నా డమ్ తప్పలేదు. మధ్యలో ఒకసారి ధైర్యం చేసి తలెత్తి చూశాను. ముందు వరసలో మా వాళ్లు. బాబాయి పక్కవాళ్లకి ఏదో వివరంగా చెబుతున్నాడు. నాన్న మాత్రం నిటారుగా కూర్చుని, రెప్ప వేయకుండా, ఊపిరి కూడా ఆచితూచి వదులుతూ నన్నే చూస్తున్నాడు. ఆయన పక్కన అమ్మ, ఒళ్లో ఫోన్, అందులో ముల్లు.

కచేరీ అయ్యాక మాస్టారు నా దగ్గరికొచ్చారు. ఆయన కళ్లు చెమర్చి ఉన్నాయి.

"పాట మొదలైనప్పటి నుంచీ చూస్తున్నానమ్మా. మీ నాన్నగారు ఒక్కసారి కూడా కన్నార్పలేదు. సంగీతమంటే ఎంత ప్రాణమో ఆయనకి!"

"అవును మాస్టారూ" అన్నాను.